ప్లానార్ హెడ్‌ఫోన్లను పోల్చడం ఎలా: ముందు తలకు, తర్వాతే చెవికి

లక్ష రూపాయలు దాటిన రెండు ప్లానార్ (పల్చటి ఫిల్మ్ అంతా కదిలి మోగే రకం) హెడ్‌ఫోన్లను పక్కపక్కన పెట్టుకుని, దీంట్లో ఒక పాట, దాంట్లో ఒక పాట విని, ‘దీని బాస్ బాగుంది, దాంట్లో గొంతు బాగుంది’ అని తేల్చేయడం సులువే. చిక్కేమిటంటే, అలా తేల్చిన మాటల్లో సగం అసలు హెడ్‌ఫోన్ గురించినవి కావు. రెండిట్లో ఒకటి కాస్త గట్టిగా మోగి ఉంటుంది. లేదా కళ్లజోడు కాడ దగ్గర ప్యాడ్ లేచి బాస్ అంతా బయటికి పోయి ఉంటుంది. లేదా యాంప్‌కు (యాంప్లిఫయర్‌కు) అంత సత్తువ లేక పెద్ద శబ్దాల దగ్గర చేతులెత్తేసి ఉంటుంది. ఈ మూడూ సరిచేశాక వింటే, మొదట తేల్చిన తీర్పు తలకిందులైనా ఆశ్చర్యపోనక్కర్లేదు.

సౌకర్యం వేరు, శబ్దం వేరు అని విడదీసి మార్కులు వేయడం ప్లానార్ల విషయంలో పనికిరాదు. కప్పు చెవి మీద ఎలా కూర్చుందన్నదే శబ్దాన్ని సగం నిర్ణయిస్తుంది. అందుకే ఇక్కడ తలకు అమరడం ముందు, వినడం తర్వాత.

దేన్ని పోలుస్తున్నాం

ప్లానార్ డ్రైవర్‌లో పల్చటి ఫిల్మ్ మీద లోహపు గీతలు పరిచి ఉంటాయి. ఆ ఫిల్మ్‌కు ఒకవైపో రెండువైపులో అయస్కాంతపు కడ్డీలు ఉంటాయి. కరెంటు పారినప్పుడు ఫిల్మ్ అంతా దాదాపు ఒకేలా కదులుతుంది. మామూలు డైనమిక్ డ్రైవర్‌లో తోపుడంతా కాయిల్ ఉన్నచోటే, ఇక్కడ మాత్రం బలం పరుచుకుని ఉంటుంది. బాస్‌లో డిస్టార్షన్ (శబ్దం చెడి వికారంగా మారడం) తక్కువగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే. ఆ అయస్కాంతాలే బరువుకూ కారణం. యమహా 1976లో హెచ్‌పీ-1తో ఈ పద్ధతికి ‘ఆర్థోడైనమిక్’ అని పేరు పెట్టింది. 2022లో వైహెచ్-5000ఎస్‌ఈతో మళ్లీ అదే దారికి వచ్చి, బరువును 320 గ్రాములకు దించింది. ఈ తరగతిలో అది అరుదు.

ఉదాహరణకు నాలుగు మోడళ్లు తీసుకుందాం. ఆడెజీ ఎల్‌సీడీ-ఎక్స్: 20 ఓమ్‌లు (ఇంపెడెన్స్, అంటే కరెంటుకు ఉండే అడ్డు), ఒక మిల్లీవాట్ పవర్‌కు 103 డెసిబెల్ శబ్దం, 612 గ్రాములు. (కంపెనీ వాళ్లు తమ పేరును ‘ఆడిసీ’ అని పలుకుతారు.) హైఫైమ్యాన్ సుస్వర: 60 ఓమ్‌లు, 83 డెసిబెల్, 450 గ్రాములు. ఆ పేరు మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. మెజే ఎలీట్, రొమేనియాలోని బాయా మారే ఊరి కంపెనీది: 32 ఓమ్‌లు, 101 డెసిబెల్, 430 గ్రాములు. డాన్ క్లార్క్ ఆడియో స్టెల్త్: 23 ఓమ్‌లు, 415 గ్రాములు, నాలుగిట్లో ఇదొక్కటే క్లోజ్డ్ బ్యాక్ (కప్పు వెనక భాగం మూసి ఉన్నది), మిగతావి ఓపెన్ బ్యాక్. విడుదలైనప్పుడు అమెరికాలో ఎల్‌సీడీ-ఎక్స్ తప్ప మిగతావన్నీ 4,000 డాలర్ల దగ్గరా ఆపైనా ఉన్నవే. సుస్వర ఏకంగా 6,000.

ఒక పూటకు రెండే పోల్చండి. మూడోది చేతిలోకి వచ్చేసరికి మొదటిది ఎలా ఉందో మనసులో చెరిగిపోతుంది.

యాంప్ సరిపోతుందా, లెక్క వేయండి

స్పెక్ షీట్‌లో డెసిబెల్ అంకె పక్కన ‘ఒక మిల్లీవాట్‌కా’, ‘ఒక వోల్ట్‌కా’ అన్నది ముందు చూడండి. కొన్ని కంపెనీలు అదీ, కొన్ని ఇదీ ఇస్తాయి. రెంటినీ కలిపేస్తే లెక్క మొత్తం తప్పుతుంది. 20 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు మిల్లీవాట్ అంకెకు 17 కలిపితే వోల్ట్ అంకె వస్తుంది. 60 ఓమ్‌లకు 12 కలపాలి. అంటే ఎల్‌సీడీ-ఎక్స్ ఒక వోల్ట్‌కు 120 డెసిబెల్, సుస్వర 95. మధ్యలో 25 డెసిబెల్ తేడా! ఒకే వాల్యూం నాబ్ స్థానంలో రెండిటినీ విని ‘సుస్వర పేలవంగా ఉంది’ అనడంలో అర్థం లేదు.

క్షణకాలపు ఎత్తులకు 110 డెసిబెల్ అందాలని పెట్టుకుందాం. సగటున 75 డెసిబెల్‌లో వినేవాళ్లకు ఇది ధారాళంగా సరిపోతుంది. ప్రతి 10 డెసిబెల్‌కూ పవర్ పది రెట్లు, ప్రతి 3 డెసిబెల్‌కూ రెండు రెట్లు. సుస్వరకు 83 నుంచి 110 దాకా 27 డెసిబెల్ ఎక్కాలి, అంటే దాదాపు 500 మిల్లీవాట్లు. 60 ఓమ్‌ల మీద అది 5.5 వోల్టులు, 90 మిల్లీయాంపియర్లు. ఎల్‌సీడీ-ఎక్స్‌కు కావలసింది 5 మిల్లీవాట్లు, 0.32 వోల్టులు. ఎలీట్‌కు 8 మిల్లీవాట్లు, అర వోల్టు. ఒక వోల్ట్ ఇచ్చే మామూలు యూఎస్‌బీ డాంగిల్ (ఫోన్‌కు తగిలించే చిన్న యాంప్) ఎలీట్‌ను బాగానే నడుపుతుంది. సుస్వర దగ్గర దానికి ఆయాసం వస్తుంది. ఈక్యూతో (ఈక్వలైజర్‌తో) బాస్‌ను 6 డెసిబెల్ పెంచాలనుకుంటే పైన చెప్పిన వోల్టులన్నిటినీ రెట్టింపు చేసుకోండి.

ప్లానార్ల ఇంపెడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. అందువల్ల యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువైనా శబ్దం స్వరూపం మారదు, కానీ వోల్టేజీ పోతుంది. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 50 ఓమ్‌లు ఉన్న ట్యూబ్ యాంప్‌కు ఎల్‌సీడీ-ఎక్స్ తగిలిస్తే 70లో 20 వంతు, అంటే 29 శాతం వోల్టేజీయే హెడ్‌ఫోన్‌కు చేరుతుంది. మిగతాది యాంప్ లోపలే ఖర్చయిపోతుంది. ఈ తరగతికి 2 ఓమ్‌ల లోపు ఉన్న సాలిడ్ స్టేట్ యాంప్ పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. ఎల్‌సీడీ-ఎక్స్‌ను హై గెయిన్‌లో (యాంప్ శబ్దాన్ని ఎక్కువగా పెంచే సెట్టింగ్‌లో) పెడితే నాబ్‌ను మొదటి గీత దగ్గరే ఆపాల్సి వస్తుంది. అనలాగ్ వాల్యూం కంట్రోళ్లలో ఆ మొదటి భాగంలో ఎడమ, కుడి సమానంగా ఉండవు. నాబ్ తొమ్మిది గంటల స్థానం దాటకుండానే చాలినంత శబ్దం వస్తే గెయిన్ తగ్గించండి.

కేబుల్ గురించి ఒక్క హెచ్చరిక. బ్యాలెన్స్‌డ్ కేబుల్‌ను (రెండు చానెళ్ల నెగటివ్ తీగలు విడివిడిగా ఉండేదాన్ని) అడాప్టర్‌తో మామూలు 6.35 ఎంఎం జాక్‌లో పెట్టొచ్చు, ఏమీ కాదు. మామూలు కేబుల్‌ను అడాప్టర్‌తో బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లో మాత్రం పెట్టకండి. రెండు చానెళ్ల నెగటివ్‌లు కలిసిపోయి యాంప్ కాలిపోవచ్చు.

తలమీద ఎలా కూర్చుంది

ముందు స్కేలు తీసుకుని మీ చెవిని కొలవండి. పైనుంచి తమ్మె దాకా ఎత్తు, అడ్డం వెడల్పు, తలనుంచి బయటికి ఎంత పొడుచుకొచ్చింది: ఈ మూడూ మిల్లీమీటర్లలో రాసుకోండి. ప్యాడ్ లోపలి కన్నం చెవి కంటే ప్రతి వైపూ కనీసం రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దగా ఉండాలి. లోతు విషయంలో కంపెనీ చెప్పే అంకెను నమ్మకండి. పెట్టుకున్నాక ప్యాడ్ నలుగుతుంది. పెట్టుకుని, దవడ కదిలిస్తూ, చెవి పైఅంచు లోపలి గుడ్డకు తగులుతోందా అని గమనించండి. మొదటి నిమిషంలో ‘తగిలీ తగలనట్టు’ ఉన్నది నలభయ్యో నిమిషానికి మంట పెడుతుంది.

కప్పు ఎత్తును కన్నం మధ్యలో చెవి రంధ్రం ఉండేలా సర్దండి. ఇది అలంకారం కోసం కాదు. 8 కిలోహెర్ట్జ్ శబ్దానికి తరంగం పొడవు దాదాపు 43 మిల్లీమీటర్లు. కప్పు ఒక సెంటీమీటర్ ముందుకో వెనక్కో జరిగితే అది దాదాపు పావు తరంగం. అందుకే కప్పును కొంచెం వెనక్కి జరిపితే ‘స’ కారం మెత్తబడటం, ముందుకు జరిపితే కోసుకురావడం లాంటివి వినిపిస్తాయి. ఒక హెడ్‌ఫోన్ ట్రెబుల్ (పై ఫ్రీక్వెన్సీల శబ్దం) గుచ్చుకుంటోందని తేల్చేముందు కప్పును నాలుగు దిక్కులా 5 మిల్లీమీటర్లు జరిపి వినండి. ఆ కాస్తకే స్వరూపం బాగా మారిపోతే, ఆ హెడ్‌ఫోన్ రోజూ పెట్టుకున్న ప్రతిసారీ కాస్త వేరుగా మోగుతుంది. ఆ సంగతీ కాగితం మీద రాసుకోండి. అమరిక ఎటు జరిగినా పెద్దగా మారనిది మంచి హెడ్‌ఫోన్. కొనేవాళ్లు దీనికి ఇవ్వాల్సినంత విలువ ఇవ్వడం లేదు.

బరువు ఎంతన్నది ఒకటి, ఎక్కడ పడుతోందన్నది ఇంకొకటి. 612 గ్రాముల ఎల్‌సీడీ-ఎక్స్‌ను వెడల్పాటి తోలు పట్టీ మోస్తే, 450 గ్రాములది ఇరుకైన బ్యాండ్‌తో నడినెత్తిన ఒకేచోట కూర్చుంటే, రెండోదే ముందు నొప్పి పెట్టొచ్చు. అందుకని గడియారం పెట్టుకుని చూడాలి. పది నిమిషాలకు, ముప్పయ్యికి, అరవయ్యికి, తొంభయ్యికి: నడినెత్తి, దవడ కీలు, చెవి వెనక ఎముక, మెడ అన్న నాలుగు చోట్లా ఎలా ఉందో సున్నా నుంచి అయిదు దాకా అంకె వేయండి. దుకాణంలో పదిహేను నిమిషాలు పెట్టుకుని ‘బరువే తెలియలేదు’ అనుకుంటే చాలదు. మెడ మీద పడే బరువు రెండో గంటలోగానీ బయటపడదు. తల వంచి ఫోన్ చూస్తూ వినే అలవాటుంటే, అలా వంచే పరీక్షించండి. కుర్చీలో వెనక్కి వాలి వినేవాళ్లు వాలి చూడండి. పెద్ద కప్పులు కుర్చీ తలాపుకు తగిలి ముందుకు జరిగిపోతాయి.

దిద్దులు, బుట్టలు, కమ్మలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూడండి. దుద్దు వెనక శీల చెవి వెనక ఎముకకు నొక్కుకుంటుంది. పెద్ద ప్యాడ్ అయినా తప్పదు. కొప్పు ఉంటే బ్యాండ్ వెనక్కి వాలి కప్పుల కోణం మారిపోతుంది. రోజూ ఎలా ఉంటారో అలాగే పరీక్షించాలి. జుట్టుకు నూనె రాసుకున్న రోజున మాత్రం ఒకరి హెడ్‌ఫోన్ తలకు పెట్టుకోకండి. అల్కాంటారా, వెలూర్ (మెత్తటి నూగు గుడ్డ రకాలు) ప్యాడ్లు కొబ్బరినూనె పీల్చుకుంటే మళ్లీ వదలవు.

గాలి ఎక్కడ కారుతోంది

చాలా ప్లానార్లలో బాస్ నిలబడేది ప్యాడ్ చర్మానికి గాలి చొరనంతగా అతుక్కుంటేనే. ఓపెన్ బ్యాక్ కదా, కారితే ఏమవుతుంది అనుకోకండి. తెరిచి ఉండేది డ్రైవర్ వెనక భాగం. చెవివైపు గది మూసి ఉండాల్సిందే. ఎల్‌సీడీ-ఎక్స్, స్టెల్త్ లాంటివాటిలో చిన్న సందు పడినా కింది బాస్ కుంగిపోతుంది. అబిస్ 1266 లాంటిది దీనికి మినహాయింపు. దాని కప్పులను ఫ్రేమే పట్టుకుంటుంది కాబట్టి వదులుగా కూర్చోబెట్టి బాస్‌ను సర్దుకుంటారు.

సందు ఎక్కడుందో పట్టుకోవడానికి పాత న్యూస్‌పేపర్ చాలు. రెండు సెంటీమీటర్ల వెడల్పున ఒక పట్టీ చింపండి. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాక పట్టీ కొసను ప్యాడ్ కింద చెంపకు ఆనించి, హెడ్‌ఫోన్ సర్దుకున్నాక మెల్లగా లాగండి. పట్టు ఉన్నచోట కాగితం ఆగి ఆగి వస్తుంది. సందు ఉన్నచోట జారిపోతుంది. చెవి ముందు కణత దగ్గర, పైన, వెనక, తమ్మె కింద దవడ మలుపు దగ్గర: ఈ నాలుగు చోట్లా చూడాలి. ఎక్కువగా జారేది తమ్మె కిందే. అక్కడ తల గుంటపడి ఉంటుంది, కప్పు కీలు సరిగా వాలకపోతే ప్యాడ్ తేలిపోతుంది. తర్వాత 30 హెర్ట్జ్ టోన్ చిన్న శబ్దంతో పెట్టి, అరచేతితో కప్పును చాలా మెల్లగా నొక్కండి. శబ్దం ఒక్కసారిగా పెరిగితే సందు ఉన్నట్టే. కళ్లజోడు తీసి మళ్లీ చూడండి. తీసినప్పుడు బాస్ పెరిగితే పల్చటి కాడల జోడుకు మారడమో, మెత్తటి ప్యాడ్లున్న మోడల్‌కు మారడమో తప్పదు.

కప్పును గట్టిగా నొక్కకండి. గాలి ఒత్తిడికి ఫిల్మ్ వంగి చిటపటమని చప్పుడొస్తుంది. పెట్టుకునేటప్పుడు ఎప్పుడైనా చిన్నగా వస్తే కంగారు పడనక్కర్లేదు. పదే పదే గట్టిగా నొక్కితే మాత్రం ఫిల్మ్ సాగిపోయే ప్రమాదం ఉంది.

లోపం ఉన్న పీస్‌ను ముందే పక్కన పెట్టండి

రెండు మోడళ్లను పోలుస్తున్నాం అనుకుంటూ ఒక మంచి పీస్‌నూ ఒక పాడైన పీస్‌నూ పోల్చడం తరచూ జరుగుతుంది. 20 హెర్ట్జ్ నుంచి 300 దాకా మెల్లగా ఎక్కే స్వీప్ టోన్‌ను ముప్పై సెకన్లపాటు పెట్టండి. ఒక కప్పులో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర మాత్రమే ‘జ్‌ర్‌ర్’ అని వస్తే, చాలాసార్లు అది వెంట్రుక. డ్రైవర్ ముందున్న గుడ్డలోంచి చొరబడి ఫిల్మ్‌కు తగులుతుంటుంది. ప్యాడ్ తీయగలిగితే మెత్తటి బ్రష్‌తో తీసేయొచ్చు. మెజేలో ప్యాడ్లు అయస్కాంతంతో అతుక్కుంటాయి, చేత్తో లాగితే వస్తాయి. ఎల్‌సీడీ-ఎక్స్‌వి జిగురుతో అంటించినవి. ఊరికే పీకి చూడటానికి లేదు, పీకితే కొత్త జిగురు కావాలి. ఇనుపరజను చేరే చోట, అంటే డ్రిల్లింగ్, గ్రైండింగ్ జరిగిన బల్ల మీద, ప్లానార్‌ను ఎప్పుడూ పెట్టకండి. ఆ అయస్కాంతాలు రజనును లాక్కుంటాయి, బ్రష్‌తో అది రాదు.

ఎడమ కుడి సమానమో కాదో తేల్చడానికి 1950, 60ల నాటి తెలుగు సినిమా పాటలకు మించిన పరికరం లేదు. అవి మోనో రికార్డింగులు. గొంతు కచ్చితంగా నుదుటి మధ్యలో నిలవాలి. ఎకో కలిపి ‘స్టీరియో’ చేసిన కొత్త కాపీలు కాకుండా మోనోలోనే ఉన్నది ఎంచుకోండి. గొంతు కుడికి వాలిందనుకోండి. హెడ్‌ఫోన్ తిప్పి, కుడి కప్పు ఎడమ చెవికి పెట్టండి. ఇప్పుడు ఎడమకు వాలితే తప్పు పరికరాలది. ఇంకా కుడికే వాలితే మీ చెవిదో అమరికదో. పరికరాలదైతే, మామూలుగానే పెట్టుకుని కప్పుల దగ్గర కేబుల్ ప్లగ్గులు రెండూ ఒకదానికొకటి మార్చండి. వాలు ఎడమకు మారితే యాంప్ లేదా కేబుల్, కుడిలోనే ఉంటే డ్రైవర్. ఇంతా చేస్తే పది నిమిషాలు, కానీ వారంటీకి పంపాలో వద్దో తేలిపోతుంది.

శబ్దం ఎత్తు సమానం చేయడం

ఇది దాటవేస్తే మిగతాదంతా వృథా. ఒక డెసిబెల్ ఎక్కువగా మోగేది మనకు ‘గట్టిగా’ అనిపించదు, ‘స్పష్టంగా, నిండుగా’ అనిపిస్తుంది. మోసపోయేది అక్కడే.

పాత మౌస్‌ప్యాడ్ తీసుకుని మధ్యలో ఫోన్ మైకు పట్టేంత, అంటే ఆరేడు మిల్లీమీటర్ల కన్నం చేయండి. మౌస్‌ప్యాడ్‌ను అదే వెడల్పున్న మందపాటి అట్టకు అంటించి, అట్టకూ అక్కడే కన్నం పెట్టండి. వెనక నుంచి ఫోన్ మైకును కన్నానికి ఆనించి టేపు వేయండి. హెడ్‌ఫోన్ కప్పును ముందువైపు, కన్నం ప్యాడ్ మధ్యలోకి వచ్చేలా పెట్టి, పైన ఒక పుస్తకం బరువు ఉంచండి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) చేసి, 300 హెర్ట్జ్ కిందా 3,000 పైనా ఫిల్టర్‌తో కోసేయండి. మొత్తం పింక్ నాయిస్‌తో కొలిస్తే బాస్ ఎక్కువున్న హెడ్‌ఫోన్ అంకె పెరిగి, దాని గొంతు భాగం చిన్నబోతుంది. సింగిల్ టోన్‌తో కొలిస్తే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీలో ఉన్న గుంటో మిట్టో లెక్కంతా పాడుచేస్తుంది. గొంతు ఉండే ఫ్రీక్వెన్సీల పట్టీని సమానం చేస్తే చెవికి న్యాయంగా ఉంటుంది.

ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ చూపే అంకె నిజమైన డెసిబెల్ కానక్కర్లేదు, రెండు హెడ్‌ఫోన్లకూ ఒకే అంకె వస్తే చాలు. ప్రతిదాన్నీ తీసి పెట్టి మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి. మూడు కొలతల మధ్య ఒక డెసిబెల్ కంటే ఎక్కువ తేడా వస్తుంటే కప్పు సరిగా ఆనడం లేదని అర్థం. ఈ అట్ట చెవి కాదు కాబట్టి చివరి అర డెసిబెల్‌ను చెవితోనే సర్దాలి. ఒకే గొంతు, ఒకే పల్లవి వింటూ సమానం అనిపించేదాకా.

నాబ్ స్థానాన్ని గుర్తుపెట్టుకోవడం అసాధ్యం. అందుకు మల్టీమీటర్ వాడండి. సమానం చేశాక 100 హెర్ట్జ్ టోన్ పెట్టి యాంప్ అవుట్‌పుట్‌లో ఏసీ మిల్లీవోల్టులు ఎంతో రాసుకోండి. మామూలు మల్టీమీటర్లు 50 నుంచి 400 హెర్ట్జ్ మధ్యే సరిగా చూపుతాయి, అందుకే 100. ఉదాహరణకు సుస్వరకు 310, ఎల్‌సీడీ-ఎక్స్‌కు 18 అని వస్తే, హెడ్‌ఫోన్ మార్చిన ప్రతిసారీ ఆ అంకెకు తిప్పుకోవడమే. 2 శాతం తేడా అంటే 0.2 డెసిబెల్, పర్వాలేదు. 12 శాతం అంటే పూర్తి డెసిబెల్. మీటర్ సూదులు ఒకదానికొకటి తగిలి షార్ట్ కాకుండా చూసుకోండి.

వినే శబ్దం 75 డెసిబెల్ దగ్గర ఉంచండి. పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 80 డెసిబెల్‌లో వారానికి 40 గంటలు. ప్లానార్లలో డిస్టార్షన్ తక్కువ కాబట్టి గట్టిగా ఉన్నా గీరినట్టు వినిపించదు, తెలియకుండానే నాబ్ పైకి పోతుంది.

ఏం వినాలి, ఎలా వినాలి

హెడ్‌ఫోన్ మార్చిన వెంటనే రాసే మాటలకు విలువ తక్కువ. చెవి ముందుదానికి అలవాటుపడి ఉంటుంది, కాబట్టి కొత్తది దానికి పూర్తి విరుద్ధంగా వినిపిస్తుంది. అయిదు నిమిషాలు ఏదైనా విని, తర్వాత ఇరవై ముప్పై సెకన్ల ముక్కలే పదే పదే వినండి. పాటంతా వింటే మనసు పాటలో పడిపోతుంది.

మృదంగం ఒక్కటే చాలా సంగతులు చెబుతుంది. ఎడమవైపు రవ్వముద్ద వేసిన మూత గుమ్మని మోగడంలో బాస్ లోతు, అది ఎంత త్వరగా ఆగుతుందన్నది తెలుస్తాయి. కుడివైపు ‘నం’, ‘దిం’ కొట్టినప్పుడు దెబ్బ ముందు వినిపించాలి, తర్వాత శ్రుతి నిలవాలి. దెబ్బ మాత్రమే వినిపించి శ్రుతి పొడిగా ఉంటే అప్పర్ మిడ్స్ (మధ్య ఫ్రీక్వెన్సీల్లో పై భాగం) ఎక్కడో గుంటపడ్డాయి. తంబురా నాదం రెండు నిమిషాలు వినండి. జీవా వల్ల పుట్టే పై స్వరాలు ఒకదాని మీద ఒకటి నిరంతరంగా పాకుతుండాలి. ఒక స్వరం దగ్గర మాత్రం ఈల వేసినట్టు పొడుచుకొస్తే అక్కడ రెజొనెన్స్ (హెడ్‌ఫోన్ తానుగా అదనంగా మోగడం) ఉంది. నాదస్వరం 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉన్న కరుకుదనాన్ని దాచనివ్వదు. ఆడగొంతులో ‘శ, ష, స’ మూడూ వేరువేరుగా వినిపిస్తున్నాయా, లేక మూడూ ఒకే ‘స్‌స్’గా మారుతున్నాయా చూడండి.

ఎల్‌సీడీ-ఎక్స్‌లో 3-4 కిలోహెర్ట్జ్ దగ్గర కాస్త గుంట ఉంటుంది. గొంతు ఒక అడుగు వెనక నిలబడినట్టుంటుంది, బాస్ మాత్రం గట్టి నేలలా ఉంటుంది. సుస్వరలో 1-2 కిలోహెర్ట్జ్ కొంచెం తగ్గి వేదిక వెడల్పుగా అనిపిస్తుంది. ఆ విశాలత్వంలో కొంత ఆ తగ్గుదల చలవే. ఎలీట్‌లో ప్యాడ్ మార్చితే శబ్దం మారుతుంది, కాబట్టి ఏ ప్యాడ్‌తో విన్నారో రాయకపోతే మీ నోట్స్ మీకే పనికిరావు. స్టెల్త్ హార్మన్ టార్గెట్‌కు (ఎక్కువమందికి నచ్చేదని పరిశోధనల్లో తేలిన శబ్ద స్వరూపానికి) బాగా దగ్గరగా ట్యూన్ అయింది. లోపలి మెటామెటీరియల్ జల్లెడ పై ఫ్రీక్వెన్సీల్లో ప్రతిధ్వనులను అణచేస్తుంది. నాలుగిట్లో సమతూకంలో అదే ముందుంటుంది. విశాలంగా వినిపించడంలో మాత్రం క్లోజ్డ్ కప్పు హద్దులు క్లోజ్డ్ కప్పువే.

సీలింగ్ ఫ్యాన్ కట్టేసి ఒకసారి, వేసి ఒకసారి వినండి. మే నెలలో ఫ్యాన్ లేకుండా ఎవరు వింటారు? ఓపెన్ బ్యాక్‌లో ఫ్యాన్ హోరు తంబురా మీద, రివర్బ్ (ప్రతిధ్వని) తోకల మీద దుమ్ములా పరుచుకుంటుంది. నిశ్శబ్దపు గదిలో సుస్వర గెలిచి, ఫ్యాన్ కింద స్టెల్త్ గెలవడం పూర్తిగా సాధ్యమే. మీరు వినే గదిలో వచ్చిన ఫలితమే మీకు లెక్క.

ఈక్యూ వేసి ఇంకోసారి

ప్లానార్లు ఈక్యూను బాగా భరిస్తాయి. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని 105 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ (ఆ కింది బాస్ మొత్తాన్ని మార్చే ఫిల్టర్) 4 నుంచి 6 డెసిబెల్ పెంచండి, ప్రీయాంప్‌ను (అందులోనే ఉండే మొత్తం శబ్దపు సెట్టింగ్‌ను) అంతే తగ్గించండి. ప్రీయాంప్ తగ్గించకపోతే డిజిటల్‌గా క్లిప్పింగ్ (హద్దు దాటిన శబ్దం తెగిపోవడం) వచ్చి, ‘ఈ హెడ్‌ఫోన్ బాస్ పగులుతోంది’ అనుకుంటారు. ఎల్‌సీడీ-ఎక్స్‌కు 3.5 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్‌తో మొదలుపెట్టి చూడండి. 6 కిలోహెర్ట్జ్ పైన సన్నటి ఫిల్టర్లు వేయకండి. అక్కడి గుంటలూ మిట్టలూ మీ చెవి ఆకారాన్ని బట్టి, కప్పు స్థానాన్ని బట్టి జరుగుతుంటాయి.

ఈక్యూ తర్వాత శబ్దం ఎత్తును మళ్లీ సమానం చేసి పోల్చండి. అప్పటిదాకా పెద్దగా కనిపించిన తేడాలు చాలామటుకు కరిగిపోతాయి. మిగిలేవి: విశాలత, అమరిక మారితే ఎంత మారుతోందన్నది, బరువు, వేడి. ఎల్‌సీడీ-ఎక్స్‌కు ఈక్యూ వేసుకుని తృప్తిగా వినగలిగేవాళ్లు సుస్వర ధర పెట్టాల్సిన అవసరం లేదని గట్టిగా చెప్పొచ్చు. ఆ 612 గ్రాములకు మెడ ఒప్పుకుంటేనే సుమా.

మన ఎండకూ తేమకూ

తోలు ప్యాడ్లు బాస్‌ను బాగా పట్టి ఉంచుతాయి, చెమట కూడా పట్టిస్తాయి. అల్కాంటారా, వెలూర్ ప్యాడ్లు చల్లగా ఉంటాయి, కానీ కొన్నిట్లో కొంత బాస్ తగ్గుతుంది. అందుకే తొంభై నిమిషాల పరీక్షను ఏసీ గదిలో కాకుండా మీరు రోజూ వినే గదిలోనే చేయాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల తేమకు కృత్రిమ తోలు రెండు మూడేళ్లలోనే పొరలు పొరలుగా ఊడిపోవచ్చు. కొనే ముందే విడి ప్యాడ్ల ధర ఎంతో, ఇక్కడ దొరుకుతాయో, తెప్పించుకోవాలో కనుక్కోండి. పాడైన ప్యాడ్లతో ఆ హెడ్‌ఫోన్ మీరు కొన్నప్పటి హెడ్‌ఫోన్ కాదు. ప్యాడ్ చదునైతే డ్రైవర్ చెవికి దగ్గరవుతుంది, ట్రెబుల్ మారిపోతుంది. విన్నాక పొడిగుడ్డతో తుడిచి, పావుగంట ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలున్న పెట్టెలో పెట్టండి. స్పిరిట్, శానిటైజర్ తోలుకు తగలనివ్వకండి. కారులో వదిలేయకండి, ఎండకు జిగురు కరిగి ప్యాడ్ జారుతుంది.

సెకండ్‌హ్యాండ్ కొంటుంటే స్వీప్ టోన్, మోనో పాట రెండూ అమ్మేవాళ్ల ఎదుటే పెట్టి వినండి. ప్యాడ్లు ఎప్పుడు మార్చారో అడగండి, వారంటీ రెండో యజమానికి వర్తిస్తుందో లేదో కంపెనీకే మెయిల్ రాసి తెలుసుకోండి. కప్పు దగ్గర ప్లగ్గును మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి. శబ్దం తెగి తెగి వస్తే సాకెట్ వదులైంది. అలాంటి పీస్ ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.